మెత్తటి నేల ఎవరికి

జూన్ మొదట్లో కెర్విన్ స్టాడెల్ మా క్యాంపుకి వచ్చాడు. వచ్చీ రాగానే భోజనాల డేరాలో, కాఫీ డబ్బాల పక్కన, ఒక తెల్లబోర్డు వేలాడదీశాడు. దాని మీద మా ముఠాలోని పన్నెండు మంది పేర్లూ వరసగా రాసి ఉన్నాయి.

"ఏంటిది? గిన్నెలు తోమే వంతులా?" అన్నాడు మా ముఠాలో టాలెన్.

"మీ తలరాత," అన్నాడు కెర్విన్, నవ్వకుండా.

ఫోర్ట్ సెయింట్ జేమ్స్ అనే చిన్న ఊరు దాటి ఉత్తరంగా పోతే, దుంగల లారీలు తప్ప మరో బండి తిరగని మట్టిరోడ్డు చివర ఉండేది మా క్యాంపు. అడవి నరికేసిన నేలలో మళ్ళీ మొక్కలు నాటడం మా పని. నడుముకి సంచులు కట్టుకుని, వాటి నిండా స్ప్రూస్ అనే సూదాకుల చెట్టు మొక్కలు కుక్కుకుని, పారతో ఒక పోటు, చేత్తో ఒక మొక్క, మడమతో ఒక తన్ను. అలా పొద్దుటినుంచి సాయంత్రం దాకా. కూలి మొక్కకింత. నాటితే ఉంది, లేకపోతే లేదు. అది మాకు కొత్త కాదు, దాని మీద మాకు గొడవా లేదు.

నేల మాత్రం అంతా ఒకటి కాదు. కొన్నిచోట్ల పార వెన్నలోకి దిగినట్టు దిగుతుంది. కొన్నిచోట్ల ఏడుసార్లు పొడిచినా రాయే తగులుతుంది. పైగా నరికిన కొమ్మలు మోకాళ్ళ ఎత్తున పడి ఉంటాయి. అందుకని మా మేస్త్రి డగ్నీ హాల్వర్సెన్ నేలని ముక్కలు చేసి మాకు పంచేది. నిన్న రాళ్ళలో పడ్డవాడికి ఇవాళ మెత్తటి ముక్క, ఇవాళ మెత్తటిది దక్కినవాడికి రేపు రాళ్ళు. ఇరవై ఏళ్ళుగా ఆ పనిలో ఉన్న మనిషి ఆవిడ. గొణిగేవాళ్ళు గొణిగేవాళ్ళు కానీ, ఆవిడ పంపకాన్ని ఎవరూ కాదనలేదు.

కంపెనీ ఆ ఏడు టెండర్లో రేటు బాగా కోసేసి, మిగతా కంపెనీల నోటిదగ్గర నుంచి ఈ పని లాక్కుంది. కోసుకున్నది ఎక్కడో ఒకచోట రాబట్టుకోవాలి కదా. అందుకని క్యాంపు పెత్తనానికి కెర్విన్‌ని పంపింది. వాడు శుభ్రమైన బూట్లు వేసుకుని వచ్చాడు. అది చూసినప్పుడే నాకు వాడంటే గిట్టలేదు. ఇప్పటికీ గిట్టదు.

"ఇకనుంచి మేస్త్రి పంపకాలు ఉండవు," అన్నాడు వాడు ఆ సాయంత్రం. "మూడు రోజుల పనికి ఒక లెక్క. బోర్డులో పైనున్నవాళ్ళు ముందు వచ్చి కావలసిన ముక్క ఏరుకుంటారు. తర్వాత రెండో పేరు, తర్వాత మూడో పేరు. అట్టడుగున ఉన్నవాళ్ళకి మిగిలింది. వరసగా రెండు లెక్కల్లో అడుగునే ఉంటే సామాను సర్దుకోవచ్చు."

డగ్నీ చేతిలోని కప్పు కింద పెట్టింది. "అడుగునున్నవాడికి రాళ్ళు ఇస్తే వాడు పైకెలా వస్తాడండీ?"

"పరిగెత్తి," అన్నాడు కెర్విన్.

టాలెన్ పకపకా నవ్వాడు. నవ్వడూ మరి! సస్కాచివాన్ గోధుమ పొలాల్లో పుట్టి పెరిగిన ఇరవై ఆరేళ్ళ కుర్రాడు, గుర్రంలాంటి ఒళ్ళు. ముఠాలో వాడి లెక్క ఎప్పుడూ రెండోది. మొదటిది ఓడీల్ తెరియోది. తూర్పున ఎక్కడో రిముస్కీ అనే ఊరి నుంచి వచ్చిన మనిషి, ముప్ఫై అయిదేళ్ళుంటాయి, సన్నగా గడకర్రలా ఉంటుంది. ఆమె నాటుతుంటే పార ఆగడం నేనెప్పుడూ చూడలేదు. ఆ సాయంత్రం ఆమె కూడా నవ్వింది. నోటితో కాదు, కళ్ళతో. మెత్తటి నేల అంతా ఇక తనదేనని ఆమెకి తెలిసిపోయింది.

బోర్డు వంక చూడకుండా సూప్ తాగుతూ కూర్చున్నది జోనాస్ ఫ్రీసెన్ ఒక్కడే. మానిటోబాలో మెన్నొనైట్లనే నిరాడంబర క్రైస్తవుల ఇంటి మనిషి, నలభై దాటాయి. నాటడంలో నెమ్మది. వాడు నాటిన మొక్కని పీకాలంటే మాత్రం రెండు చేతులూ కావాలి.

మొదటి లెక్క అయ్యేసరికి క్యాంపు వాసనే మారిపోయింది. నిజంగానే వాసన. అంతకుముందు మరుగుదొడ్డి గొయ్యి నిండితే ఎవరో ఒకరు కొత్తది తవ్వేవాళ్ళు. ఇప్పుడు అందరూ ముక్కు మూసుకుని వెళ్ళి వస్తున్నారు. నీళ్ళ డబ్బాలు నింపేవాళ్ళు లేరు. లారీలోంచి మొక్కల పెట్టెలు దించమంటే ప్రతివాళ్ళకీ బూటు తాడు ఊడిపోతుంది. వీటిలో ఏ పనికీ బోర్డు మీద అంకె రాదు. అవన్నీ జోనాసే చేశాడు, ఎప్పట్లాగే. చేసి, అడుగున నిలిచాడు.

బోర్డు పైనున్న ఇద్దరి మధ్య మాత్రం యుద్ధం నడుస్తోంది. ఓడీల్ ఏరుకున్న ముక్కకి పక్కది టాలెన్ ఏరుకున్నాడు. రెండింటికీ మధ్య హద్దుగా గులాబి రంగు రిబ్బన్లు కట్టి ఉంటాయి. ఆమె తన ముక్క వెనకవైపు కొమ్మల్లో పడి నాటుకుంటూ ఉండగా, రోడ్డు పక్కన ఉన్న మెత్తటి పట్టీని వీడొచ్చి నాటేశాడు. ఆమె తిరిగొచ్చి చూసుకుంది. సంచులు విప్పకుండానే వాడి మీదకి నడిచింది.

"నా గీత దాటి ఎందుకు నాటావురా?"

"గీతా? నాకేం కనబళ్ళేదే. రిబ్బన్లు ఎలుగుబంటి పీకేసుంటుంది."

"ఎలుగుబంటికి కూడా మొక్కకింతని కూలిస్తున్నారా?"

"అరవకు ఓడీల్. వయసైపోతున్న మనిషివి, మోకాళ్ళు జాగ్రత్త. ఆ పట్టీ నీకు ఎలాగూ సాయంత్రానికి అయ్యేది కాదు."

ఆమె పార ఎత్తింది. డగ్నీ మధ్యలోకి వచ్చి ఉండకపోతే ఏమయ్యేదో చెప్పలేను. ఆ మర్నాడు టాలెన్ మంచినీళ్ళ సీసాలో డీజిల్ వాసన వచ్చింది. ఎవరు పోశారని ఎవరూ అడగలేదు.

అప్పుడు వేడి మొదలైంది. ఆ ఉత్తరాన అంత ఎండ ఎప్పుడోగాని కాయదు. మొక్కలు అట్టపెట్టెల్లో వస్తాయి, చల్లగా ఉండాలి. రోడ్డు పక్కన పెట్టెలు పేర్చి, మీద వెండి రంగు టార్పాలిన్ కప్పుతాం. సంచులు నింపుకున్న ప్రతివాళ్ళూ వెళ్ళేముందు దాన్ని మళ్ళీ లాగి, అంచుల మీద రాళ్ళు పెట్టాలి. ఎంతసేపని? నాలుగు మొక్కలు నాటేంతసేపు. ఆ నాలుగు మొక్కలే ఇప్పుడు అందరికీ ప్రాణాల మీదకి వచ్చాయి.

ఒకరోజు పొద్దున డగ్నీ అలాంటి ఒక పెట్టెల గుట్ట దగ్గరికి వెళ్ళి చూసేసరికి టార్పాలిన్ ఒక పక్కకి ఎగిరిపడి ఉంది. పెట్టెలు తెరిచింది. మొక్కలన్నీ ఎర్రబారి, వేళ్ళు గడ్డిపరకల్లా ఎండిపోయి ఉన్నాయి. ముఠా మొత్తం ఒక రోజు నాటే సరుకు.

ఆ సాయంత్రం కెర్విన్ డేరాలో నిలబడ్డాడు. బీన్సూ మాంసమూ కలిపి వండిన చిల్లీ చల్లారిపోతున్నా ఎవరూ చెంచా ఎత్తలేదు.

"ఆ గుట్ట దగ్గర సంచులు నింపుకున్నదెవరు?"

"అందరం," అంది డగ్నీ.

"ఆఖరున ఎవరు?"

కెర్విన్ బోర్డు వైపు తిరిగాడు. అడుగున ఉన్న పేరు మీద వేలు పెట్టాడు. "అందరికంటే వెనక నడిచేవాడు ఆఖరున నింపుకుంటాడు. అంతేగా?"

జోనాస్ లేచాడు. "నేను కప్పాను. రాళ్ళు కూడా పెట్టాను."

"చూసినవాళ్ళున్నారా?"

జోనాస్ మా అందరి వంకా చూశాడు. ఒక్కొక్కరి దగ్గరా ఆగి చూశాడు. ఓడీల్ బల్ల మీద గీతలు చూసుకుంటోంది. టాలెన్ రొట్టె తుంచుకుంటున్నాడు. మిగతా మా అందరికీ ఒకటే లెక్క: వాడు పోతే అడుగున ఎవరుంటారు? అది నేను కాకపోతే చాలు.

"ఎలాగూ రెండో లెక్కలోనూ అడుగునే ఉన్నావు," అన్నాడు కెర్విన్. "రేపు సరుకుల బండిలో వెళ్ళిపో. ఎండిన మొక్కల నష్టం నీ కూలిలోంచి పోతుంది."

"అది అన్యాయం," అంది డగ్నీ. "ఇంతమంది తీసిన గుట్టకి ఒక్కడు ఎలా కడతాడు?"

"అయితే నీ వాటాలోంచి కట్టు."

మేస్త్రికి వచ్చేదే ముఠా నాటినదాంట్లో ఒక వాటా; ఆవిడ మళ్ళీ కూర్చుంది. ఇద్దరు పిల్లల్ని ఒంటిచేత్తో పెంచుతున్న మనిషి. ఆవిడని నేను తప్పుపట్టను.

జోనాస్ మర్నాడు పొద్దున్నే వెళ్ళిపోయాడు. ఎవరితోనూ చెయ్యి కలపలేదు. వెళ్ళేముందు మాత్రం కొత్త మరుగుదొడ్డి గొయ్యి సగం తవ్వి, పార అందులోనే వదిలేశాడు. మిగతాది మమ్మల్ని తవ్వుకోమనా, మమ్మల్ని అందులో పడి చావమనా, మాకు తెలియలేదు.

ఆ తర్వాతి సెలవు రోజు పొద్దున, పాన్‌కేకుల దగ్గర, ఓడీల్ హఠాత్తుగా అంది: "వాడు కప్పాడు."

అందరం తలెత్తాం.

"జోనాస్ కప్పాడు. ఆ ముందురోజు మధ్యాహ్నం నేను వెళ్ళేసరికి రాళ్ళతో సహా కప్పే ఉంది. నేనే తీశాను. తీసి, అలాగే వదిలేసి పరిగెత్తాను. ఎందుకంటే ఈ వెధవ నా వెనకే వస్తున్నాడు."

"అవును, వచ్చాను," అన్నాడు టాలెన్. "తెరిచున్న గుట్టలోంచి తీసుకున్నాను. తెరిచింది నువ్వు, మూయాల్సింది నేనా?"

"మూస్తే నీ చెయ్యి పడిపోయేదా?"

"నీ చెయ్యి పడిపోయిందా?"

ఇద్దరూ కొట్టుకుంటారనుకున్నాం. కానీ ఓడీల్ మెల్లగా తన పళ్ళెం పక్కకి నెట్టింది. "సరే. మనల్ని మనం పీక్కు తింటుంటే ఆ కెర్విన్ పైన కూర్చుని లెక్క రాసుకుంటున్నాడు. రేపట్నుంచి అందరిదీ ఒకటే అంకె. ఎవరూ దాన్ని దాటకూడదు, ఎవరూ తగ్గకూడదు. వెనకబడినవాడికి ముందున్నవాడు వెళ్ళి సాయం చెయ్యాలి. పైన ఎవరూ ఉండరు, కింద ఎవరూ ఉండరు. అప్పుడు ఆ బోర్డు మీద ఏం రాసుకుంటాడో రాసుకోమను."

"నీకంత ఉదారం ఎక్కణ్ణించి పుట్టుకొచ్చింది?" అన్నాడు టాలెన్. "నేను నిన్ను దాటబోతున్నాననేగా?"

"అవును, అందుకే అనుకో. ఉంటావా, ఉండవా?"

పది మంది వాడి వంక చూశారు. వాడు భుజాలు ఎగరేశాడు. "ఉంటా."

డగ్నీ ఇదంతా విననట్టు మూలన కప్పు కడుక్కుంది. మేం తక్కువ నాటితే ఆవిడ వాటా తగ్గుతుంది. అయినా ఆ కప్పుని అంతసేపు కడిగింది.

మర్నాడు సాయంత్రం బోర్డు మీద పదకొండు పేర్లకీ ఒకటే అంకె పడింది. కెర్విన్ కళ్ళద్దాలు తీసి తుడుచుకుని మళ్ళీ చూశాడు.

"ఏంటిది?"

"కలిసొచ్చింది," అంది ఓడీల్.

"నన్ను వెర్రివాణ్ణి అనుకుంటున్నారా?"

"అలా అనుకోడానికి మాకు కూలి ఇవ్వరు కదండీ," అన్నారెవరో వెనకనుంచి.

జూలై వచ్చేసింది. ఆ నెలలో ఆ చుట్టుపక్కల ప్రతి క్యాంపూ మనుషుల కోసం మొహం వాచి ఉంటుంది. మమ్మల్నందర్నీ తీసేస్తే నాటేవాళ్ళు దొరకరు. అది మాకూ తెలుసు, వాడికీ తెలుసు.

దీన్ని ఐక్యత అని గొప్పగా చెప్పుకోను. ప్రిస్కా అనే అమ్మాయి మంచి నేల తగిలి అంకె దాటితే, ఆమె సంచులు లాక్కుని రోడ్డు మీద కూర్చోబెట్టారు. ఏడ్చింది. ఓదార్చినవాళ్ళు లేరు. ప్రతివాళ్ళూ పక్కవాడి సంచుల్లోకి తొంగిచూస్తూనే నాటారు. మెచ్చుకోలుతో నడవలేదు ఆ ఒప్పందం, భయం మీద నడిచింది. అయినా నడిచింది. మొక్కలు నిటారుగా నిలబడ్డాయి, టార్పాలిన్లు మూతపడ్డాయి, డేరాలో కడుపునిండా తిన్నాం.

ఒక సాయంత్రం కెర్విన్ తన బండిలో టాలెన్‌ని పక్కన కూర్చోబెట్టుకుని రోడ్డు మీద అలా ఒక చుట్టు తిప్పుకొచ్చాడు. వాడు దిగి ఎవరితోనూ మాట్లాడకుండా తన డేరాలోకి పోయాడు. మర్నాడు బోర్డు మీద పది పేర్లకి ఒక అంకె ఉంది. టాలెన్‌కి దాదాపు దానికి రెట్టింపు.

ఎవరూ తిట్టలేదు. తిడితే బాగుండేదేమో. తర్వాతి రోజు పొద్దున వాడు లారీ ఎక్కబోతే ప్రిస్కా తన సంచులు సీటు మీద పరిచింది.

"చోటు లేదు."

"మూడు సీట్లు ఖాళీ కదా!"

"సంచులకి సరిపోయాయి."

ఒళ్ళంతా కుట్టే నల్ల ఈగల మధ్య వాడు ఆ దూరమంతా నడిచొచ్చాడు. సాయంత్రం వాడి డేరా తాళ్ళు తెగి ఉన్నాయి. బూట్లలో జావ పోసి ఉంది. వాడు ఆ జావ దులుపుకుంటూ గట్టిగా అరిచాడు, అందరికీ వినబడేలా: "నాకు నాటడం వచ్చు! నాకు వచ్చింది నేను చెయ్యడం తప్పా? మీ చేతకానితనానికి నన్నెందుకు కట్టేస్తారు?"

నిజం చెప్పాలంటే ఆ మాటలో తప్పేమీ లేదు. కానీ ఆ పూట మాకు వాడి మీద జాలి కలగలేదు.

వారం తిరక్కుండా కెర్విన్ డగ్నీని మేస్త్రి పని నుంచి తప్పించాడు. పార ఇచ్చి కూలీల్లో కలవమన్నాడు. మేస్త్రి పని టాలెన్‌కి వచ్చింది. బండిలో వాడితో మాట్లాడుకున్నది అదేనన్నమాట.

ఆ సెలవు రోజున ఓడీల్ డగ్నీని వెంటబెట్టుకుని ఊళ్ళోకి పోయింది. నేనే బండి నడిపాను. పెట్రోలు బంకు దగ్గర నిలబడి, లోయ అవతల పని చేస్తున్న మరో కాంట్రాక్టరుకి ఫోన్ చేసింది. అవతల గొంతు నాకు కూడా వినబడుతూనే ఉంది. ఎవరో ఆడమనిషి, బాగా విసుగ్గా ఉంది.

"ఎంతమందిని తేగలవు?"

"ఎంతిస్తారు?"

ఆమె ఒక రేటు చెప్పింది. మా దాని కంటే బాగానే ఎక్కువ.

"ముక్కలు ఎవరు పంచుతారు?" అంది ఓడీల్.

"ఎవరో ఒకరు. నాకు మేస్త్రి లేడు."

"నా దగ్గర ఒకరున్నారు," అంటూ ఓడీల్ డగ్నీ వైపు చూసింది. డగ్నీ బంకు గోడకి ఆనుకుని ఆకాశం వంక చూస్తోంది.

మర్నాడు, వెంట వస్తామన్న మేం ఏడుగురం సామాను సర్దుకుంటుంటే కెర్విన్ పరిగెత్తుకొచ్చాడు. ఆ నెలన్నరలో వాడి బూట్లకి మొదటిసారి బురద అంటింది.

"సీజన్ మధ్యలో వదిలేసి పోతే ఈ చుట్టుపక్కల మీకు పని ఇచ్చేవాడు ఉండడు!"

"ఇచ్చారు కాబట్టే పోతున్నాం," అంది ఓడీల్.

"ఎంతిస్తామన్నారు?"

ఆమె చెప్పింది. వాడు ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "దాని మీద ఇంకా పెంచి ఇస్తాను."

ఓడీల్ చేతిలోని సంచి కింద పెట్టింది. వాడి మొహంలో ఆశ కనబడింది. ఆమె వాడి దగ్గరకంటా వెళ్ళింది. "ఈ డబ్బు ఇన్నాళ్ళూ నీ జేబులోనే ఉందా? జోనాస్ కూలి కోసుకున్నప్పుడు కూడా ఉందా?"

ఆమె నేల మీద ఉమ్మేసి బండెక్కింది.

ఆ తర్వాత అక్కడ జరిగిందంతా వంటమనిషి బెర్నడెట్ చెప్పగా విన్నాం. కంపెనీ నగరాల నుంచి కొత్తవాళ్ళని పోగుచేసి పంపిందట. పార ఏ వైపు పట్టుకోవాలో తెలియని పిల్లలు. మేస్త్రి కూలి ముఠా లెక్కలోంచి వస్తుంది కాబట్టి టాలెన్ వాళ్ళ వెంటపడి అరిచాడట. బోర్డు మాత్రం తీయలేదు. దాంతో వాళ్ళూ పరిగెత్తారు, వాళ్ళూ టార్పాలిన్లు వదిలేశారు. చివరికి టాలెన్ రోజంతా ఒక గుట్ట దగ్గర్నుంచి ఇంకో గుట్ట దగ్గరికి ఒక్కడే పరిగెత్తుతూ మూతలు వేసుకున్నాడట. గడువులోపల పని పూర్తికాలేదు. పై ఏడు టెండర్ ఇంకొకరికి పోయింది. కెర్విన్‌కి ఏమీ కాలేదు. అల్బర్టాలో ఇంకో క్యాంపుకి పంపారు, బోర్డుతో సహా.

లోయ అవతల డగ్నీ ఎప్పటిలాగే పంచింది. మెత్తటి నేల ఒకరోజు, రాళ్ళు ఒకరోజు. ఓడీల్ తనకి వచ్చినంతా నాటింది. ఎవరూ అడ్డుపడలేదు. జోనాస్‌ని కూడా రమ్మందామని డగ్నీ ఫోన్ చేసింది. వాడు తమ్ముడి పాలపశువుల దగ్గర ఉన్నాడు.

"కొత్త చోటు బాగుంది జోనాస్. రేటూ బాగుంది. వచ్చెయ్యవయ్యా."

"ఆ సాయంత్రం డేరాలో అన్ని నోళ్ళున్నాయి డగ్నీ," అన్నాడు వాడు. "టార్పాలిన్ నేను కప్పానని ఒక్క నోరూ చెప్పలేదు. మీ మధ్య నేనెలా తిననూ?" ఫోన్ పెట్టేశాడు. మళ్ళీ ఎత్తలేదు.

ఆగస్టు చివర సీజన్ ముగిసింది. వాండర్‌హూఫ్‌లో డబ్బులేసి బట్టలు ఉతుక్కునే దుకాణానికి వెళ్ళాం, నేనూ ఓడీలూ. అక్కడ టాలెన్ కూర్చుని ఉన్నాడు. బాగా చిక్కిపోయాడు. మమ్మల్ని చూసి లేవబోయి, మళ్ళీ కూర్చున్నాడు.

ఓడీల్ వాడిని చూడనట్టే బట్టలు మిషన్లో వేసింది. మిషన్ తిరగడం మొదలయ్యాక వాడే అన్నాడు.

"పై ఏడు మీ దగ్గర చోటుంటుందా?"

"ఉంటుంది," అంది ఓడీల్. "నీకు కాదు."

"నీకంటే ఎక్కువ నాటుతాను. మీ కాంట్రాక్టరుకి తెలిస్తే రమ్మంటుంది."

"రమ్మంటే రా. లారీలో చోటు ఉండదు."

వాడు లేచి ఆమె ముందు నిలబడ్డాడు. గొంతు పెంచలేదు. "నేను అమ్ముడుపోయానంటావు. పోయాను. మరి నువ్వు? నువ్వు పైనున్నన్నాళ్ళూ ఆ బోర్డు నీకు బాగానే ఉందిగా? ఆ మొదటి సాయంత్రం నీ కళ్ళు నేను చూశాను. జోనాస్‌ని పంపేస్తుంటే నీ నోటికేమైంది? ఆ కాంట్రాక్టర్ రేపు ఇంకో బోర్డు పెట్టి నీ పేరు పైన రాస్తే ఏం చేస్తావు? చెప్పు!"

ఓడీల్ మొహం ఎర్రబడింది. నేను వాడి చెంప పగులుతుందనుకున్నాను. ఆమె చెయ్యి ఎత్తలేదు. మిషన్ ఇంకా తిరుగుతూనే ఉంది. దాన్ని ఆపేసి, నీళ్ళు కారుతున్న బట్టల్ని సంచిలో కుక్కుకుంది. ఒక సాక్సు కిందపడింది. టాలెన్ వంగి తీసి అందించబోయాడు. ఆమె అందుకోలేదు.

"పద," అంది నాతో. బండి దాకా నేల మీద నీళ్ళ చారలు పడ్డాయి.

ప్రిన్స్ జార్జ్ ఊరు వచ్చేదాకా ఆమె ఆ తడి సంచిని ఒళ్ళోనే పెట్టుకుంది.